తెర అంచున నిలబడ్డ మనిషి

పోయిన వారం రజనిని పంజాగుట్ట షోరూంలో రెండో అంతస్తు మెట్ల దగ్గర వదిలాం. పక్కన భర్త రాజనర్సు, ఇంటర్ చదువుతున్న కూతురు మమత ఉన్నారు. పెళ్లయిన కొత్తలో కొన్న డబ్బా టీవీ వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం టప్పుమని ఆగిపోయింది. ఇక వెడల్పుది, హెచ్‌డీది కొనక తప్పదని ముగ్గురూ బయలుదేరారు.

కొత్తగా చదువుతున్నవారికి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. రాజనర్సుది సిరిసిల్ల నుంచి వచ్చిన నేతవాళ్ల ఇల్లు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మార్కండేయ టైలర్స్ అని చిన్న దుకాణం ఉంది. మూడేళ్ల కిందటి దాకా తమ్ముడు శ్యాంసుందర్ కూడా అందులోనే కుట్టేవాడు. విడిపోయి పోతూ అతను ఇరవై ఏళ్ల కొలతల పుస్తకాలన్నీ పట్టుకుపోయాడు. ఏ కస్టమర్ భుజం ఎంత, ఎవరి నడుము ఎంత అని రాసుకున్న పుస్తకాలవి. టైలరుకు అవి పోతే ఊరు పోయినట్టే.

రెండో సంగతి, శ్యాంసుందర్ భార్య మధులత రజనికి సొంత చెల్లెలు. అక్కాచెల్లెళ్లను అన్నదమ్ములకే ఇచ్చారు. కొట్లాట జరిగిన రోజు రాజనర్సు ఇంటికి వచ్చి, భార్య చేతిని మమత నెత్తిన పెట్టించి, బల్కంపేట ఎల్లమ్మ పేరు మీద ఒట్టు వేయించాడు. చెల్లెలి గడప తొక్కనని, ఆమెతో మాట్లాడనని.

రజని ఆ ఒట్టును ఒక్కసారి కూడా దాటలేదు. పోయిన ఏడాది మాఘమాసంలో మధులత కూతురు రవళికి ఓణీల ఫంక్షన్ చేశారు. రజని పోలేదు. చెల్లెలి ఇల్లు బల్కంపేట గుడి వెనక సందులోనే ఉంది కనుక, ఎక్కడ ఎదురుపడుతుందోనని మంగళవారం గుడికి పోవడం కూడా మానుకుంది. చెల్లెలితో పాటు అమ్మవారిని కూడా వదులుకున్నట్టయింది. అమీర్‌పేటలోనే ఆంజనేయస్వామి ముందు నిలబడి, ఆ తల్లికి నువ్వే చెప్పు స్వామీ అని దండం పెట్టి వచ్చేది. దేవుళ్లు ఒకరికి చెప్పుకున్నది ఇంకొకరికి చేరవేస్తారో లేదో నాకు తెలియదు. రజని మాత్రం చేరుతుందనే నమ్మింది.

ఒక్క దొంగతనం చేసింది. ట్యూషన్‌లో కలిసిన రవళి తన ఫంక్షన్ డిస్కు మమత చేతికి ఇచ్చింది. రాజనర్సు దుకాణంలో ఉండి, అత్త కొమురమ్మ కునుకు తీసే మధ్యాహ్నం వేళ, రజని ఆ డిస్కును డీవీడీ ప్లేయర్‌లో వేసి పాత టీవీలో పెట్టుకుని, అత్త లేవకుండా శబ్దం పూర్తిగా తగ్గించి చూసేది. అలా ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. చూసిన ప్రతిసారీ దేవుడి గూట్లో ఒక అగరుబత్తి ఎక్కువ వెలిగించేది. మాట్లాడలేదు, గడప తొక్కలేదు, చూస్తే కూడా తప్పేనా అని ఆ దేవుణ్నే అడిగేది.

రెండో అంతస్తులో గోడ పొడుగునా టీవీలే. అన్నింటిలోనూ ఒకే బొమ్మ. నీళ్ల అడుగున రంగురంగుల చేపలు తిరుగుతున్నాయి.

“ఇంట్ల సుత ఇంత మంచిగ కనవడ్తదా తమ్మీ?” అడిగాడు రాజనర్సు.

“ఇంకా మంచిగ కనవడ్తది సార్,” అన్నాడు షోరూం కుర్రాడు. చొక్కా మీద కేదార్ అని పేరు బిళ్ల ఉంది.

“మనింట్ల చేపలు లేవు కద,” అన్నది మమత.

రాజనర్సు జేబులోంచి టేపు తీశాడు. బయటికి వచ్చినా అది లేకుండా రాడు. ముప్పై రెండు ఇంచులదని చెప్పిన టీవీకి అడ్డంగా పట్టి చూసి కనుబొమలు ఎగరేశాడు.

“ఏం తమ్మీ, ముప్పై రెండంటివి. ఇరవై ఎనిమిదే ఉన్నది. నేను గిట్ల కుట్టిస్తే కస్టమర్ ఊకుంటడా?”

“టీవీని అడ్డం కొలవరు సార్. గీ మూల నుంచి గా మూలకు కొలుస్తరు.”

రాజనర్సు టేపును పై మూల నుంచి కింది మూలకు లాగాడు. ముప్పై రెండు సరిగ్గా వచ్చింది. అయినా నచ్చలేదు. “ఐమూల కొలిచి అమ్మెటోళ్లను ఇప్పుడే చూస్తున్న. బట్టల దుకాణంల గిట్ల జేస్తే చెప్పు తీసి కొడ్తరు.”

కేదార్ నవ్వి, ఇది హెచ్‌డీ రెడీ, అది ఫుల్ హెచ్‌డీ అని తేడా చెప్పాడు. చుక్కలు ఎన్ని ఎక్కువుంటే బొమ్మ అంత సాఫుగా ఉంటుందన్నాడు. ఆ మాట రాజనర్సుకు వెంటనే అర్థమైంది. నేతలో పోగులు ఒత్తుగా ఉంటే గుడ్డకు వచ్చే నునుపు లాంటిదన్నమాట. ఎంత దూరం నుంచి చూస్తారని కేదార్ అడిగితే, మంచం నుంచి గోడ దాకా ఎనిమిది అడుగులని చెప్పాడు. అయితే ముప్పై రెండే చాలన్నాడు కేదార్.

“షోరూం బొమ్మను నమ్మొద్దని చెప్పిండ్రు. మా సొంత వీడియో పెట్టి చూపియ్యి,” అన్నాడు రాజనర్సు. “మమతా, నీ కాలేజీది తెచ్చినవ్ కద.”

మమత పెన్‌డ్రైవ్ బయటికి తీసింది. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద ట్రాఫిక్ వాళ్ల మైకు మోగింది. అడ్డంగా పెట్టిన బండ్లు లేపుకుపోతామంటున్నారు.

“మీరు చూస్తుండున్రి. నేను బండిని ఎనక సందుల పెట్టొస్త,” అని రాజనర్సు గబగబా మెట్లు దిగాడు.

రజని అతను దిగిపోయేదాకా ఆగింది. తర్వాత గోడ మీది టీవీ వైపు చూసింది. పాత డబ్బాలో చెల్లెలి మొహం అరచేయంత ఉండేది.

“మమతా, అండ్ల రవళి ఫంక్షన్ సుత ఉన్నదంటివి కద.”

“ఉన్నది. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన అసలుది. ఇక్కడ వద్దమ్మా.”

“మీ డాడీ వచ్చెతందుకు పావుగంట పడ్తది. ఒక్కసారి మధును ఇంత పెద్దగ చూస్త.”

“వద్దన్న కద. కాలేజీ డాన్సు పెడ్త, మంచిగుంటది.”

రజని చెయ్యి చాపింది. మమత పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. తండ్రికి భయపడుతున్నదనుకుంది రజని. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, దాన్ని తీసి కేదార్‌కు ఇచ్చింది.

“రవళి ఫంక్షన్ అని ఉంటది చూడు బిడ్డా. అది పెట్టు.”

చేపలు పోయాయి. ఫంక్షన్ హాలు వచ్చింది. ఆ పూల మండపం, ఆ ఎర్ర కుర్చీలు రజనికి కంఠతా వచ్చినవే. కానీ ఇప్పుడు గోడకు కిటికీ తెరిచి చూస్తున్నట్టు ఉంది. మధులత హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది. పాపిట పక్కన నాలుగైదు తెల్లవెంట్రుకలు. పాత టీవీలో చెల్లెలికి ఒక్క తెల్లవెంట్రుక కూడా లేదు. కళ్ల కింద నలుపు కూడా లేదు. నాకంటే ఆరేళ్లు చిన్నది, ఎప్పుడు ఇంత పెద్దదైంది అనుకుంది రజని.

రవళి పెద్దవాళ్లకు దండం పెట్టడానికి వంగింది. కెమెరా వెనక నుంచి తీసింది. జాకెట్టు వీపు మీద కట్టుతాళ్లకు జరీ గుడ్డతో చేసిన లట్కన్లు ఊగుతున్నాయి. ఒక్కోదానికి ఐదు మొగ్గలు. చివరి ముడి మీద పసుపు దారం మూడు చుట్లు.

రజని తెరకు దగ్గరగా పోయింది.

ఆ మూడు చుట్లు ఏ టైలరూ చుట్టడు. రాజనర్సు దుకాణంలో హుక్కులు, కాజాలు, చీరల ఫాల్సు, లట్కన్లు, చేతితో చేసే పనులన్నీ ఇంట్లో కూర్చుని రజనే చేస్తుంది. ఆడపిల్ల జాకెట్టుకు లట్కన్ కడితే ముడి మీద పసుపు దారం మూడు చుట్లు చుట్టడం ఆమె సొంత అలవాటు. ఆ పిల్లకు దిష్టి తగలకుండా ఎల్లమ్మను తలచుకుని చుట్టేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. పాత టీవీలో ఆ లట్కన్ ఒక పచ్చటి మచ్చ, అంతే.

జాకెట్టు కూడా గుర్తొచ్చింది. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే ఆఫీసరు బిడ్డదని, జల్ది కావాలని రాజనర్సు తెచ్చి ఇచ్చాడు. రెండు రోజులు కూర్చుని కట్టింది. ఏ తల్లి కన్నదో, సల్లగుండాలె అనుకుంటూ కట్టింది.

ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగింది. ఆ తర్వాతిది ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తెర మీద ఎడమ పక్క నుంచి కొత్త బట్టల పళ్లెం వస్తోంది. ఇంట్లో చూసినప్పుడు పళ్లెం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు మాత్రమే కనిపించేవి. సిరిసిల్ల చుట్టాలెవరో అనుకునేది. ఇప్పుడు ఆ చేతుల వెనక మనిషంతా ఉన్నాడు. మీగడ రంగు చొక్కా. ఆ చొక్కాకు ఆ పొద్దున ఇస్త్రీ చేసింది తనే. రాజనర్సు పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు. శ్యాంసుందర్ అన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఈయన పాత టీవీల లేడు,” అన్నది రజని. ఎవరితో అంటున్నదో ఆమెకే తెలియదు.

కేదార్ సంబరపడ్డాడు. “పాత టీవీ చదరం ఉంటది కద మేడం. వెడల్పు బొమ్మ అండ్ల పట్టదు. రెండు పక్కల కట్ అయితది. ఇండ్ల అంచు నుంచి అంచు దాంక మొత్తం వస్తది. సౌండ్ సుత వినున్రి.”

శబ్దం పెంచాడు. మేళం మోగుతోంది. మధులత ఆకుపచ్చ చీర మీద పసుపు కుంకుమ పెట్టి, తెచ్చి రాజనర్సు చేతుల్లో పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“అక్కకు ఇయ్యి బావా. నేను ఇచ్చిన్నని చెప్పు.”

రజని ఆ గొంతు విని మూడేళ్లయింది.

వెనక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రాజనర్సు ఆయాసపడుతూ వచ్చి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఆమె పక్కన నిలబడ్డాడు.

“బండి పెట్టినవా?” అడిగింది రజని, చూపు తిప్పకుండా.

“పెట్టిన. ఏం వీడియో ఇది...”

మాట సగంలో ఆగింది. తెర మీది రాజనర్సు చీరను చంకలో పెట్టుకుని తమ్ముడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

“బంద్ చెయ్ తమ్మీ.”

“ఉండనియ్యి,” అన్నది రజని.

కేదార్ రిమోట్ పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి బొమ్మను అక్కడే ఆపేసి రెండడుగులు వెనక్కి జరిగాడు. చుట్టూ ఉన్న టీవీల్లో చేపలు తిరుగుతూనే ఉన్నాయి. మధ్యలో ఒక్కదానిలో రాజనర్సు నవ్వు అలాగే నిలిచిపోయింది.

“ఎప్పటి సంది?” అడిగింది రజని.

“ఏంది ఎప్పటి సంది?”

“మీ తమ్మునితోని మాట్లాడవట్టి.”

రాజనర్సు అటూ ఇటూ చూశాడు. పక్కన వాషింగ్ మెషీన్లు చూస్తున్న దంపతులు గభాలున అటు తిరిగారు.

“ఏడాదిన్నర అయితుండొచ్చు. వానికి స్కూలు యూనిఫాంల పని దొరికింది. ఒక్కనితోని అయితలేకుండె. తోడబుట్టినోడు, అడిగిండు. పొమ్మంటనా?”

“కొలతల పుస్తకాలు?”

“అన్ని వాపస్ ఇచ్చిండు. దుకాణంలనే ఉన్నయ్.”

“పుస్తకాలు మన దిక్కు వచ్చినయ్. నా చెల్లె రాలే.”

“జర మెల్లగ మాట్లాడు.”

“మెల్లగనే మాట్లాడుతున్న. మూడేండ్ల సంది గంత మెల్లగనే ఉన్న.”

రాజనర్సు గొంతు తగ్గించి, దుకాణంలో మొండి కస్టమర్‌కు నచ్చచెప్పే తీరున చెప్పాడు. “చూడు. మేము మగోళ్లం. పని కాడ వంద అనుకుంటం, మల్ల కలుస్తం. మీ ఇద్దరిది అట్ల కాదు. మీరు ఒక్కటైతే ఇంట్ల మేమిద్దరం నౌకర్లమే. ముందట గట్లనే ఉండె కద. వంటింట్ల ఇద్దరు గుసగుస పెట్టుకుందురు, ఏం చెయ్యాల్నో మాకు చెప్పుదురు. ఇప్పుడు ఇల్లు నిమ్మళంగ ఉన్నది. ఉండనియ్యి.”

“నేను ఏడ్సుకుంట కూసుంటే నిమ్మళం అంటున్నవా?”

“నా ముందట ఎన్నడు ఏడ్వలే కద నువ్వు.”

అది నిజమే. రజని దేవుడి గూటి ముందు మాత్రమే ఏడ్చింది. భర్త మనసు పాడు చెయ్యడం ఎందుకని కళ్లు కడుక్కుని అన్నం వడ్డించింది. ఓర్చుకునే ఇల్లాలిని మనం మెచ్చుకుంటాం. ఆ ఓర్పును పక్కవాడు నిమ్మళం అనుకుని హాయిగా తిరుగుతుంటే, అది ఎవరికి పుణ్యమో నాకు అర్థం కాదు.

“జాకెట్టు నాతోనే చేపిచ్చినవ్.”

“నీ లెక్క లట్కన్ కట్టెటోళ్లు హైదరాబాద్ల లేరు. పిల్లకు మంచిగుండాలనే కద ఇచ్చిన.” రాజనర్సు ఆ మాటను మెచ్చుకోలుగానే అన్నాడు.

“రవళిదని చెప్తే ఇంకా మంచిగ కడుదును.” ఆమె తన వేళ్లను చూసుకుంది. “పిల్ల పేరు అనుకుంట కడుదును. ఎవరి బిడ్డనో అనుకుంట కట్టిన.”

రాజనర్సు రుమాలుతో మళ్లీ మెడ తుడుచుకున్నాడు.

“మధు ఇచ్చిన చీర ఏది?”

“అమ్మకు ఇచ్చిన.”

“ఎప్పుడు?”

“పోయిన బతుకమ్మకు కట్టుకున్నది కద. నువ్వే కుచ్చిళ్లు పెట్టినవ్.”

రజనికి ఆ రోజు గుర్తొచ్చింది. అత్త కొత్త చీర మడతలు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సరిచేసింది. ఎవరు పెట్టారత్తమ్మా అని అడిగింది కూడా. కొడుకు తెచ్చాడంది కొమురమ్మ. చెల్లెలు పంపిన పసుపు కుంకుమ ఎక్కడ దులిపేశారో.

“నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు పట్టిచ్చినవ్. మల్ల నువ్వెట్ల పోయినవ్?”

“నీతోని పట్టిచ్చిన. నేను పట్టలే కద.”

అతని గొంతులో దబాయింపు లేదు. ఎంత వెతికినా తన తప్పేమీ దొరకని మనిషి చెప్పినట్టు చెప్పాడు. చట్టం ప్రకారం చూస్తే సరైన మాటే. ఒట్టు వేసింది రజని, వేయించింది రాజనర్సు. వేసినవాళ్లు దాటితే దోషం అని పెద్దలు చెప్పారు. వేయించినవాడు దాని చుట్టూ తిరిగి అవతలి గుమ్మంలోంచి దర్జాగా పోతే ఏమవుతుందో ఎవరూ చెప్పినట్టు లేరు. అమ్మవారినైనా ఆ సంగతి ఎవరో ఒకరు అడగాలి.

రాజనర్సు కేదార్‌ను చేత్తో దగ్గరికి పిలిచాడు. “సరే, అయిందేదో అయింది. తమ్మీ, ముప్పై రెండు వద్దు. నలభై ఇంచులది ఇయ్యి. ఫుల్ హెచ్‌డీదే. బిల్లు చెయ్.” భార్య వైపు తిరిగాడు. “ఏమంటవ్? గోడకు మంచిగుంటది.”

“తీస్కో,” అన్నది రజని. “పెద్దదాంట్ల నువ్వు ఇంకా మంచిగ కనవడ్తవ్.”

కేదార్ తల వంచుకుని బిల్లు పుస్తకం తెరిచాడు. “మేడం, రేపు పొద్దుగాల డెలివరీ అయితది. ఇంట్ల ఎవరుంటరు?”

“వీళ్లమ్మ ఉంటది. ఆమెకే ఇయ్యి. అన్ని ఆమెకే పోతయ్.”

పెన్‌డ్రైవ్ టీవీకే ఉంది. రజని దాన్ని తీయలేదు. కొంగు దోపుకుని మెట్ల వైపు నడిచింది. మమత వెనకే వచ్చింది.

“ఏడికి?” రాజనర్సు అడిగాడు. ఆమె ఆగలేదు. అతను గొంతు పెంచకుండానే అన్నాడు. “రజనీ, ఒట్టు ఇంకా ఉన్నది. పిల్ల నెత్తి మీద ఉన్నది. యాది పెట్టుకో.”

రజని కాలు మూడో మెట్టు మీద ఆగిపోయింది.

మూడేళ్లూ ఆమెను ఆపింది ఇదే. భర్త మీది భయం కాదు. రోడ్డు దాటేటప్పుడు మమతకు ఏమవుతుందో, పరీక్ష రోజు జ్వరం వస్తుందో అన్న భయం. చెల్లెలు గుర్తొచ్చినప్పుడల్లా కూతురి నెత్తి కనిపించేది. ఇప్పుడూ కనిపించింది. పక్కనే, రెండు జడల మధ్య తెల్లటి పాపిట.

మమత వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. “అది నా నెత్తి డాడీ. పెట్టేముందు నన్ను ఎవరు అడగలే.” తల్లి చెయ్యి పట్టుకుంది. “పా అమ్మా. నాకేం కాదు.”

ఆటో మెట్రో స్తంభాల దుమ్ములో అమీర్‌పేట దాటింది. బల్కంపేటలో గుడి ముందు రజని ఆటో ఆపించింది. లోపలికి పోలేదు. గేటు బయటే నిలబడి కళ్లు మూసుకుంది.

“తల్లీ, నీ పేరు మీద పట్టిన ఒట్టు దాటుతున్న. పాపం ఎవరిదో నువ్వే తేల్చుకో. నాదే అనుకుంటే నా మీదనే పెట్టు. పిల్ల జోలికి మాత్రం రాకు.”

కొంగు మమత నెత్తి మీద కప్పి ఒక్క క్షణం అలాగే పట్టుకుంది. తర్వాత సందులోకి నడిచింది.

మొదటి అంతస్తు. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల కుట్టుమిషన్ నడుస్తున్న చప్పుడు. రజని తలుపు తట్టింది. మిషన్ ఆగింది.

తలుపు తీసిన మధులత మెడలో టేపు వేలాడుతోంది, పెదవుల మధ్య గుండుసూది ఉంది. అక్కను చూసి ఆ సూది తీసి జాకెట్టుకు గుచ్చుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారికి గుచ్చుకుంది.

“అక్కా.”

రజని గడప మీద కాలు పెట్టింది. తర్వాత రెండో కాలు కూడా లోపల పెట్టింది. ఏమీ కాలేదు. ఇద్దరూ ఏడుస్తారనుకున్నది కానీ ఎవరికీ ఏడుపు రాలేదు. మధులత అక్క ముంజేతిని పట్టుకుని, నిజంగా మనిషేనా అన్నట్టు పైకీ కిందికీ నిమిరింది.

“నిన్న సుత రానంటివి. గిప్పుడెట్ల వచ్చినవ్?”

“నిన్న ఎవరన్నరు?”

“ఎవరంటరు? నువ్వే రాసినవ్ కద.” మధులత మిషన్ మీది ఫోన్ తీసి చూపించింది. వరసగా, పైకి జరిపిన కొద్దీ, ఉత్తరాలే. “ఒట్టు మాట్లాడద్దనే పట్టిన, రాయద్దని పట్టలేదంటివి. గా మాట చదివి ఎంత నవ్వుకున్ననో. మమత ఫోన్ల నుంచి ఏడాది సంది నువ్వు రాస్తుంటివి, నేను రాస్తుంటిని. నువ్వు లేకుంటే నేను ఏమైపోదునో అక్కా.”

రజని ఏడో తరగతి దాకా చదివింది. ఫోన్‌లో పచ్చ గుర్తు, ఎర్ర గుర్తు తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. చెల్లెలికి జీవితంలో ఒక్క అక్షరం రాయలేదు.

మధులత తలుపు దగ్గరికి వేసి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. “పోయిన నెల నేను రాసింది చదివి తీసేసినవ్ కద? బావకు తెల్వదు కద? ఎవ్వరికి తెలిసినా నేను ఈ ఇంట్ల ఉండలేను అక్కా. నీకొక్కదానికే చెప్పుకున్న.”

“ఏం చెప్పుకున్నవ్ మధూ?”

మధులత చేతిలోని ఫోన్ కిందికి దిగింది. అక్క మొహాన్ని చూసింది. తర్వాత అక్క భుజం మీదుగా, తలుపు దగ్గర చెప్పులు కూడా విప్పకుండా నిలబడిన పిల్లను చూసింది.

“చిన్నమ్మా,” అన్నది మమత. “నువ్వు రాసింది అమ్మకు చెప్పకు.”